మెట్టుగుట్ట కింద సైకిళ్లు

తెల్లవారుజామున అయిదు గంటలకు మడికొండ ఇంకా పూర్తిగా మేలుకోదు. మెట్టుగుట్ట మీద రామలింగేశ్వరుని ఆలయ దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. గుట్ట ఒడిలోని బండరాళ్లు రాత్రి చలిని ఇంకా వీడవు. కింది రహదారి మాత్రం ఏ జామునా నిద్రపోదు. హైదరాబాదు వైపు నుండి వచ్చే లారీలు, బస్సులు కాజీపేట దిక్కుగా సాగిపోతూనే ఉంటాయి. ఆ రహదారి పక్కన ఒక వేపచెట్టు, చెట్టు కింద రేకుల కప్పు వేసిన చాయ్ కొట్టు, దానిని ఆనుకొని అంతకన్న చిన్నదైన సైకిలు మరమ్మతు కొట్టు ఉన్నాయి. సూర్యోదయానికి ముందే అక్కడ అయిదారు సైకిళ్లు చెట్టు మొదలుకు చేరగిలబడి కనిపిస్తాయి.

కాళోజీ బాల్యం గడిచిన ఊరుగా, వానమామలై వరదాచార్యులు జన్మించిన ఊరుగా సాహిత్యాభిమానులకు మడికొండ సుపరిచితం. ఆ వేపచెట్టు కింద చేరేవారు మాట్లాడుకునేది మాత్రం సాహిత్యం కాదు. చైనుకు ఏ నూనె మంచిది, టైరులో గాలి ఎంత ఉండాలి, నిన్న ధర్మసాగరం దారిలో ఎవరి చక్రం పంచరయింది అన్నవే వారి చర్చనీయాంశాలు. ఒక విశ్రాంత భౌతికశాస్త్రోపాధ్యాయుడు, కాజీపేటలో పనిచేసే రైల్వే ఉద్యోగి, 2020లో మడికొండలో వెలసిన ఐటీ కార్యాలయాల్లో ఉద్యోగం చేసే ఇద్దరు యువకులు, ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం చదివే ఒక అబ్బాయి ఆ గోష్ఠికి నిత్యసభ్యులు. వయసులో, సంపాదనలో, చదువులో ఒకరికొకరు పొంతన లేనివారు. సైకిలు లేకపోతే వీరు ఒకే బల్ల మీద కూర్చొని చాయ్ తాగే అవకాశమే లేదు.

గోష్ఠికి అధ్యక్షుడు అనదగినవాడు మరమ్మతు కొట్టు యజమాని. డెబ్బయ్యో పడిలో ఉన్నాడు. అందరూ అతనిని సైకిలు తాత అంటారు. మోకాళ్ల నొప్పుల వల్ల ఇప్పుడు సైకిలెక్కడు. ఒకప్పుడు గంటల లెక్కన అద్దె సైకిళ్లు ఇచ్చినవాడు. సీటు ఎత్తు అందని పిల్లలు కడ్డీ కింది నుండి కాలు దూర్చి ‘కైంచీ’ తొక్కుతూ అతని కొట్టు ముందే పడ్డారు, లేచారు. నూనె మరకల చేతులతో, చెవి వెనక దోపుకున్న పెన్సిలుతో, పానాల పెట్టె ముందు కూర్చుంటే, సైకిలు వచ్చే చప్పుడును బట్టి దాని రోగం చెప్పగలడు. చైను కీచుమంటున్నదా, పుల్ల వదులయిందా, కోన్ అరిగిందా అన్నది చూడనవసరం లేదు, వింటే చాలు.

అతనికి అలవాటైన సైకిలు వేరు. నల్లరంగు, నిటారైన కడ్డీ, ఇనుప కమ్ముల బ్రేకు, చక్రానికి ఒరుసుకుంటూ దీపం వెలిగించే డైనమో, చేయి పెడితే ఊరంతా వినిపించే గంట. మద్రాసులో 1949లో ఆరంభమైన టి.ఐ. సైకిల్స్, సోనీపత్‌లో 1951లో వచ్చిన అట్లాస్, లూధియానాలో 1956లో పుట్టిన హీరో అతనికి బంధువుల పేర్లంత దగ్గరివి. అట్లాస్ సంస్థ తన చివరి కర్మాగారాన్ని 2020 జూన్ 3న మూసివేసిందని, ఆ రోజే ప్రపంచ సైకిలు దినోత్సవమని ఐటీ యువకుడొకడు చదివి వినిపిస్తే, తాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదట.

ఇప్పుడు చెట్టుకు ఆనించి ఉన్నవి ఆ జాతివి కావు. లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, గేర్లు, చక్రం నడుమ డిస్కు బ్రేకు గల ‘మౌంటెన్ బైకులు’. ఊరిలో వాటికి ఉన్న పేరు గేరు సైకిలు. పేరుకు కొండ సైకిలే అయినా, తొంభై తొమ్మిది పాళ్లు అది తిరిగేది తారురోడ్డు మీదనే. ఇంటి నుండి కళాశాలకు, కళాశాల నుండి ట్యూషనుకు, అక్కడి నుండి ఇంటికి. ఆదివారాలు మాత్రం ఆ చెట్టు కింది బృందం దేవునూరు దిక్కున ఇనుపరాతి గుట్టల దాకా పోయి వస్తుంది. అక్కడి ఎర్రమట్టి బాటల్లో, గులకరాళ్ల మీద ఆ లావు టైర్ల ప్రయోజనం తెలుస్తుంది. మిగిలిన ఆరు రోజులూ అవి అలంకారాలే.

ఈ సైకిలు పుట్టుక కథ ఆ గోష్ఠిలో ఒక ఉదయం చర్చకు వచ్చింది. చెప్పినవాడు రైల్వే ఉద్యోగి. జర్మనీకి చెందిన కార్ల్ డ్రాయిస్ 1817లో నడిపిన రెండు చక్రాల బండికి పెడళ్లే లేవు, నేలను కాళ్లతో తన్నుకుంటూ పోవలసిందే. ఆ తరువాత ముందు చక్రం మనిషి భుజమంత ఎత్తు పెరిగిన సైకిళ్లు వచ్చాయి. దారిలో చిన్న రాయి తగిలినా తొక్కేవాడు తలకిందులుగా ముందుకు పడేవాడు. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో దాదాపు సమానమైన చక్రాలతో, వెనక చక్రాన్ని తిప్పే చైనుతో రోవర్ సైకిలును రూపొందించినప్పుడు, ఆ తీరు సైకిలుకు లోకం పెట్టిన పేరు ‘సేఫ్టీ బైసికిల్’. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చి దానికి తోడయింది. ఈనాటి సైకిలు మౌలిక స్వరూపం అదే. క్షేమం అన్న మాట దాని తొలి పేరులోనే ఉన్నదన్నమాట.

కొండ సైకిలు కథ ఇంకా రమ్యమైనది. కాలిఫోర్నియాలో టమల్పాయిస్ కొండ పరిసరాలలో 1970లలో కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్లను కొండపైకి చేర్చి, మట్టి బాటల వెంట కిందికి దూసుకువచ్చేవారు. ఆ సైకిళ్లకు బ్రేకు వెనక చక్రపు హబ్బులో ఉండేది. పెడలును వెనక్కి తొక్కితే అది పట్టుకునేది. ఏటవాలు బాట దిగేసరికి ఆ హబ్బు కాలిపోయి, లోపలి గ్రీజు పొగయి పోయేది. అడుగుకు చేరిన ప్రతిసారీ హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరుకోవాలి. అందువల్ల ఆ బాటకు ‘రీప్యాక్’ అన్న పేరు స్థిరపడింది. అక్కడ 1976 అక్టోబరులో మొదటి పందెం జరిగింది. మరుసటి ఏడు జో బ్రీజ్ అనే యువకుడు కొండబాటల కోసమే ప్రత్యేకంగా ఒక చట్రం తయారుచేశాడు. 1981లో స్టంప్‌జంపర్ అనే నమూనా పెద్ద సంఖ్యలో అమ్మకానికి వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అది ఒక క్రీడ అయింది.

కథంతా విని తాత అడిగిన ప్రశ్న ఒక్కటే. “అంటే, బ్రేకు కాలిపోయిన కాడనే ఈ సైకిలు పుట్టిందన్నట్టు. మరి మన పిలగాండ్లు బ్రేకు దిక్కు సూడకుంట రంగు దిక్కే సూస్తరేంది?”

ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నదో అందరికీ తెలుసు. ఇంటర్ విద్యార్థి తలవంచుకొని నవ్వాడు. అతని సైకిలు ఆ చెట్టు కింద అన్నింటికన్న అందమైనది. ఎరుపు, నలుపు కలిసిన చట్రం. ముందూ వెనకా షాకులు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నందుకు తండ్రి కొనిపెట్టాడు. కొన్న వారంలోపే ఆ అబ్బాయి దాని నుండి తొలగించిన వస్తువులు నాలుగు. గంట ‘పాల సైకిలు’లా ఉంటుందని తీసివేశాడు. మడ్‌గార్డులు బరువన్నాడు. స్టాండు అనవసరమన్నాడు. ముందు తెల్లగా, వెనక ఎర్రగా మెరిసే ప్రతిఫలకాలు చిన్నపిల్లల సైకిలుకుంటాయని ఊడదీశాడు. తీసినవన్నీ ఒక సంచిలో వేసి ఇంటి అటక మీద పెట్టాడు. హెల్మెట్ మాత్రం కొనిపించుకున్నాడు. అది కూడా ఎరుపు, నలుపే. అయితే ఎక్కువ రోజులు అది తల మీద కాక హ్యాండిలుకు వేలాడుతూ ప్రయాణం చేసేది. జుట్టు చెదురుతుందని ఒకరోజు, ఉక్కపోత అని ఒకరోజు, దగ్గరికే కదా అని మరొకరోజు.

ఈ ధోరణి ఆ ఒక్క అబ్బాయిది అనుకోవడం అన్యాయం. అంగడిలో అమ్మేవారికి, కొనేవారికి కంటికి ఇంపైనవే ముందు కనిపిస్తాయి. సైకిలు లావుగా, బలంగా కనిపిస్తే చాలు, మంచిదనే భ్రమ కలుగుతుంది. భారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం చదివినవారికి ఇటువంటి సన్నివేశమొకటి గుర్తుంటుంది. ఒక్క పగటిలో విదర్భకు చేరవలసి వచ్చిన ఋతుపర్ణ మహారాజుకు సారథిగా ఉన్న బాహుకుడు సన్నని గుర్రాలను ఎంచి తెస్తాడు. ఈ బక్క గుర్రాలా అని రాజు శంకిస్తాడు. బాహుకుని రూపంలో ఉన్న నలుడు చూసినది కండను కాదు, లక్షణాన్ని. తరువాత ఆ రథం ఎంత వేగంగా పోయిందంటే, రాజు ఉత్తరీయం జారిపడితే ఆపమని చెప్పేలోపే అది యోజనం దూరం వెనకబడింది. వేగం ఎంతటిదో చెప్పడానికి ఇంతకన్న చక్కని ఉదాహరణ దొరకడం కష్టం. ఆపాలని అనుకున్న చోటు వేరు, ఆగగలిగే చోటు వేరు.

దీనినే భౌతికశాస్త్రం సారు చాయ్ గ్లాసు పక్కన పెట్టి, పుల్లతో నేల మీద గీతలు గీసి మరోవిధంగా చెప్పేవారు. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు ఒక్క సెకనులో అయిదున్నర మీటర్లు పోతుంది. ఎదుట ఏదో అడ్డం వచ్చిందని కన్ను చూసి, మెదడు గ్రహించి, వేళ్లు బ్రేకును నొక్కడానికి సుమారు ఒక సెకను పడుతుందనుకుంటే, బ్రేకు పని మొదలుపెట్టేసరికే ఆ దూరం అయిపోయింది. ఆపైన పొడి రోడ్డు మీద, రెండు బ్రేకులూ సరిగా పట్టుకుంటే, మరో నాలుగు మీటర్లు. అదే ముప్పై కిలోమీటర్ల వేగమైతే, చూసి నొక్కడానికే ఎనిమిది మీటర్ల పైన, ఆగడానికి దాదాపు తొమ్మిది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే బ్రేకు నొక్కిన తరువాత పోయే దూరం రెండు రెట్లకు మించుతుంది. “ఇది పాత సంగతే, మీ పుస్తకంలోనే ఉన్నది. పరీక్షల రాస్తరు, రోడ్డు మీద మరుస్తరు” అనేవారు సారు.

ముందు బ్రేకు విషయంలో ఆయనకు, మిగిలినవారికి తరచుగా వాదం జరిగేది. ముందు బ్రేకు నొక్కితే పల్టీ కొడతామన్నది ఊరందరి నమ్మకం. వెనక బ్రేకే క్షేమమని పెద్దలు పిల్లలకు చెబుతారు. సారు వివరణ వేరు. సైకిలు నెమ్మదించేటప్పుడు దాని బరువు, మనిషి బరువు ముందు చక్రం మీదికి మొగ్గుతాయి. వెనక చక్రం తేలిక పడుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా పట్టినా అది నేల మీద జారుతుందే కాని ఆగదు. కనుక ఆపే పనిలో పెద్ద భాగం ముందు బ్రేకుదే. దానిని ఒక్కసారిగా బిగబట్టకుండా క్రమంగా నొక్కుతూ, శరీరాన్ని కొంచెం వెనక్కి జరుపుకుంటూ, రెండు బ్రేకులనూ కలిపి వాడడమే సరైన పద్ధతి. మలుపులో, ఇసుక మీద, తడి మీద ముందు బ్రేకును మరీ సుతారంగా వాడాలి. అసలు మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి. తాతకు ఈ శాస్త్రమంతా తెలియదు. కాని, “గుర్రానికి కళ్లెం ముంగటనే కద సారూ ఉండేది” అని సమర్థించేవాడు.

వానాకాలం మొదలైంది. ఒక సాయంత్రం ఆ అబ్బాయి చాయ్ కొట్టు దగ్గర మిత్రుని కోసం ఆగాడు. సైకిలు తాత కొట్టు ముందే నిలిచింది. తాత చూపు అలవాటు కొద్దీ దాని మీద పడింది. అబ్బాయి మాట్లాడుతూ మాట్లాడుతూ ముందు బ్రేకు మీటను ఊరికే నొక్కుతున్నాడు. ప్రతిసారీ అది హ్యాండిలును తాకుతున్నది. తీగ సాగిపోయింది. చక్రాన్ని పట్టుకోవడం లేదు. తాత నోరు తెరవబోయాడు. అంతకు వారం ముందే చైను గురించి చెబితే, “మా సైకిలు నీకు సమజు గాదు తాతా, ఇది గేర్లది” అని నవ్వుతూ అన్న మాట అతనికి గుర్తుకు వచ్చింది. పిల్లవాడు నవ్వుతాలుకే అన్నాడు. అయినా ముసలివానికి ఎక్కడో నాటుకుంది. రేపు చెబుదాం అనుకున్నాడు. ఇంతలో మిత్రుడు వచ్చాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

ఆ రాత్రి వాన కురిసింది. తెల్లవారి ఆరింటికి అబ్బాయి హనుమకొండలో ట్యూషనుకు బయలుదేరాడు. వెలుతురు సరిగా లేదు. రోడ్డు తడిగా ఉంది. రాత్రంతా నిలిచిన లారీల కింద కారిన నూనె నీటి మీద రంగురంగుల పొరగా పరచుకొని ఉంది. కాజీపేట దిక్కుగా వేగం పుంజుకున్న సైకిలు ముందు, ప్రయాణికుని కోసం ఒక ఆటో ఉన్నట్టుండి ఎడమకు తిరిగి ఆగింది. అబ్బాయి రెండు మీటలూ నొక్కాడు. ముందు చక్రం ఆగలేదు. వెనక చక్రం బిగుసుకొని పక్కకు జారింది. సైకిలు ఒకవైపు, మనిషి ఒకవైపు. హెల్మెట్ హ్యాండిలుతో పాటు పోయి రోడ్డు అంచున దొర్లింది.

వెనక వస్తున్న వాహనం కొంత దూరంలో ఉండడం అదృష్టం. చాయ్ కొట్టువాడు, పాలవాడు, మరో ఇద్దరు కలిసి అతనిని లేపారు. మెడ ఎముక విరిగింది. కనుబొమ్మ మీద, తల పక్కన కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో మెలకువ వచ్చాక, ఇంటి నుండి బయలుదేరినది మొదలు జరిగిన ఒక్క సంగతీ గుర్తులేదన్నాడు. ఆ గంట అతని జీవితంలో నుండి శాశ్వతంగా చెరిగిపోయింది. మరో నాలుగు అంగుళాలు అటు పడితే ఏమయ్యేదో వైద్యుడు చెప్పలేదు. తల్లి అడగలేదు.

హెల్మెట్ సర్వరక్షాకవచం కాదు. లారీ ఢీకొంటే అది కాపాడుతుందని ఎవరూ చెప్పలేరు. అయితే ఇటువంటి పాటులో, అంటే మనిషి ఎత్తు నుండి తల నేలకు కొట్టుకున్నప్పుడు, లోపలి థర్మోకోల్ పొర నలిగిపోతూ దెబ్బను కొంత తనలో ఇముడ్చుకుంటుంది. ఆ నలగడమే దాని ధర్మం. అందువల్లనే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే ఉన్నా మళ్లీ వాడకూడదు. కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన దాని అంచు ఉండాలి. పట్టీలు చెవి కింద కలవాలి. గడ్డం కింద ఒకటి రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. వెనక్కి తోసి నెత్తి మీద టోపీలా పెట్టుకుంటే నుదురుకు రక్ష లేదు. మోటారు వాహనాల చట్టంలోని శిరస్త్రాణ నిబంధన మోటారు సైకిళ్లకే కాని సైకిళ్లకు వర్తించదు. సైకిలు తొక్కేవాడు దానిని ధరించేది పోలీసులకు భయపడి కాదు. అందుచేతనే ఎక్కువమంది ధరించరు.

ప్రమాదం విన్న తరువాత తాత మూడు రోజులు కొట్టు తెరవలేదు. నాలుగో రోజు తెరిచాడు కాని చెట్టు కింది బల్ల మీదికి రాలేదు. రైల్వే ఉద్యోగి వెళ్లి కూర్చుంటే చాలాసేపటికి విషయం బయటపడింది.

“నేను సూసిన కొడుకా. మొన్న పొద్దుమూకంగ సూసిన. బ్రేకు పడుతలేదు. ఒక్క మాట చెప్తె అయిపోవు. పది నిమిషాల పని. రేపు చెప్దమనుకున్న.”

“నువ్వు చెప్పినా వాడు వినేవాడు కాదు కాకా.”

“వినకపోతె అది వాని తప్పు. చెప్పకపోతె నా తప్పు గాదా?”

రైల్వే ఉద్యోగి దానికి సమాధానం చెప్పలేకపోయాడు. తన వృత్తిలోని ఒక సంగతి చెప్పాడు. కాజీపేట కూడలిలో బల్లార్షా వైపు, విజయవాడ వైపు, సికింద్రాబాదు వైపు దారులు కలుస్తాయి. అన్ని దిక్కులకూ బండ్లు పోతుంటాయి. ఎంత ముఖ్యమైన సరుకు ఉన్నా, ఎంత ఆలస్యమైనా, బ్రేకులు పరీక్షించి సరిగా ఉన్నవని సంతకం చేసిన ‘బ్రేక్ పవర్ సర్టిఫికెట్’ చేతికి రానిదే గూడ్సు బండి బయలుదేరదు. పరీక్షించేవాడు డ్రైవరును అడగడు, నీకు ఇష్టమేనా అని. డ్రైవరూ నొచ్చుకోడు, నన్ను అనుమానిస్తున్నావా అని. అది మనిషి మీద నమ్మకానికి సంబంధించినది కాదు, బండికి సంబంధించినది.

తాత ఆ మాటను పట్టుకున్నాడు. మరునాటి నుండి చెట్టు కింద ఒక కొత్త ఆచారం మొదలైంది. చాయ్ తాగడానికి ఆగిన ప్రతి సైకిలును, యజమానిని అడగకుండానే, తాత ఒక చుట్టు చూస్తాడు. మొదట రెండు మీటలు నొక్కుతాడు. అవి హ్యాండిలుకు రెండు వేళ్ల దూరంలోనే గట్టిపడాలి. చక్రాన్ని పైకెత్తి తిప్పుతాడు. టైరును బొటనవేలితో నొక్కి చూస్తాడు. ఈ విషయంలో ఐటీ యువకులు అతనిని ఆటపట్టిస్తారు. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో అంకెల్లో అచ్చువేసి ఉంటుంది, దానికి మీటరున్న పంపు ఉంది, బొటనవేలు ఎందుకు అని. మట్టి బాటకు కొంచెం తక్కువ, తారురోడ్డుకు కొంచెం ఎక్కువ, ఆ అచ్చు వేసిన హద్దులు దాటకుండా కొట్టుకోవాలన్నది వారి వాదం. అది నిజమే. తాత మీటరు తెప్పించుకున్నాడు. అయినా ముందు బొటనవేలితో నొక్కి, ఒక అంకె చెప్పి, ఆ తరువాతనే మీటరు పెడతాడు. తరచుగా రెండూ దగ్గరగానే ఉంటాయి. ఆ రోజు అతని ముఖం చూడాలి.

చక్రాన్ని ఇరుసుకు బిగించే మీట సరిగా మూసుకొని ఉందో లేదో చూడడం తాత ఆ యువకుల నుండి నేర్చుకున్నది. పాత సైకిళ్లకు నట్లే కాని అటువంటి మీట లేదు. చైనుకు ఆముదం, కొబ్బరినూనె పోసేవారిని మందలించడం వారు అతని నుండి నేర్చుకున్నది. జిగట నూనె దుమ్మును పట్టి ఇసుకకాగితంలా పండ్లను అరగదీస్తుంది. సన్నని నూనె లంకె లంకెకు ఒక్కొక్క చుక్క వేసి, కొంతసేపు తిప్పి, పైనున్నదంతా గుడ్డతో తుడిచివేయాలి. నూనె ఉండవలసినది లోపల, బయట కాదు. నలోపాఖ్యానంలోనూ ఆ ప్రయాణం మధ్యలోనే, ఒక తాండ్రచెట్టు దగ్గర ఆగినప్పుడు, ఋతుపర్ణుడు అక్షహృదయాన్ని ఇచ్చి, బదులుగా అశ్వహృదయాన్ని కోరతాడు. రాజుకు లెక్క తెలుసు, సారథికి గుర్రం తెలుసు. ఇక్కడ తాండ్రకు బదులు వేప.

ఆ గోష్ఠిలో చేరనివారు కొందరున్నారు. తెల్లవారుజామునే ఆ దారిన పాలక్యాన్లతో పోయేవారు, పత్రికలు వేసేవారు, పనికి పోయే కూలీలు. సైకిలు వారికి వ్యాయామం కాదు, జీవనోపాధి. చాయ్ కొట్టు దగ్గర సైకిళ్ల గురించి గంటలకొద్దీ మాట్లాడేవారిలో ఎవరూ, నిజం చెప్పాలంటే, వారిని సైకిలు తొక్కేవారిగా లెక్కించలేదు. వారి సైకిళ్లకు దీపాలు లేవు. డైనమోలు ఏనాడో మూలపడ్డాయి. ఒకనాడు దీపం లేకుండా రాత్రి తొక్కితే జరిమానా వేసేవారన్నది తాత జ్ఞాపకం. ఇప్పుడు దీపం సంగతి అడిగేవారు లేరు, కాని రోడ్డు మీది వాహనాల వేగం నాటికన్న ఎన్నో రెట్లు. చీకటిలో వెనక నుండి వచ్చే లారీ డ్రైవరుకు నల్లని సైకిలు, ముదురురంగు చొక్కా కనిపించేసరికి మిగిలేది సారు లెక్కలోని ఆ ఒక్క సెకనే. ఎదురుగా వచ్చే వాహనాలు కనిపిస్తాయని కొందరు కుడివైపున తొక్కుతారు. అప్పుడు రెండు వేగాలూ కలిసి ఆ సెకను ఇంకా కుదించుకుపోతుంది. ఎడమనే పోవాలి, వెనకవారికి కనబడాలి.

అబ్బాయిని రోడ్డు మీద నుండి ఎత్తినవారిలో ఒకడు పాలవాడన్న సంగతి తాత మరువలేదు. ఒకరోజు అతనిని ఆపి, పాలక్యాను కొక్కేల కింద ఎర్రగా మెరిసే పట్టీ అతికించాడు. పెడళ్ల అంచులకు పసుపుపచ్చవి. పెడళ్లు పైకీ కిందికీ కదులుతుంటాయి కనుక, దూరం నుండి ఆ మెరుపు చూసినవారికి అది సైకిలేనని తెలిసిపోతుంది. పాలవాడు పైసలెంత అన్నాడు. తాత తల అడ్డంగా ఊపాడు. తరువాత ఆ పట్టీల చుట్ట కొనడానికి చాయ్ బల్ల మీద ఒక డబ్బా వెలసింది. దానిలో ఎవరు ఎంత వేస్తారో ఎవరూ చూడరు.

ఇంటి దగ్గర వేరొక వాదం నడుస్తున్నది. ఆ సైకిలును అమ్మివేయాలని తల్లి పట్టు. చేయి నయమయ్యాక స్కూటరు కొనిద్దామని తండ్రి ఆలోచన. పద్దెనిమిదేళ్లు నిండని కొడుక్కు స్కూటరు ఇంకెంత క్షేమమో ఆయనను అడిగినవారు లేరు. ఇద్దరి బాధా సబబైనదే. అబ్బాయి ఏమీ అనలేదు. కట్టు విప్పిన తరువాత ఒక రోజు కుర్చీ వేసుకొని అటక మీది సంచి దించాడు.

వినాయకచవితి దాటిన ఒక ఉదయం అతడు సైకిలును నడిపించుకుంటూ వేపచెట్టు దగ్గరికి వచ్చాడు. ఎక్కి రాలేదు. వంగిన హ్యాండిలు, చిరిగిన సీటు అలాగే ఉన్నాయి. కనుబొమ్మ మీద గీత మానింది కాని మాసిపోలేదు. బల్ల మీది వారు మాటలాపారు. అబ్బాయి సంచిని తాత ముందు పెట్టాడు.

“తాతా, ఇవి మళ్లా బిగించాలె.”

తాత సంచిలో చేయి పెట్టి ఒక్కొక్కటే బయటికి తీశాడు. తెల్ల ప్రతిఫలకం, ఎర్ర ప్రతిఫలకం, స్టాండు, మడ్‌గార్డులు, గంట. అన్నింటినీ గోనెపట్టా మీద వరుసగా పేర్చాడు. పానా తీసుకున్నాడు. వాటి జోలికి పోకుండా మొదట ముందు బ్రేకు పాత తీగను లాగి పారేశాడు. కొత్త తీగ ఎక్కించి, మీట నొక్కి, వదిలి, మరలు బిగించి, మళ్లీ నొక్కాడు. అబ్బాయిని నొక్కమన్నాడు.

“ఎక్కడ పట్టింది?”

“రెండేళ్ల కాడ.”

“మొన్న ఏడ పట్టేది?”

అబ్బాయి సమాధానం చెప్పలేదు. తాత కూడా తల ఎత్తలేదు. “ఆనాడు నేను సూసిన బిడ్డా, చెప్పలే” అన్నాడు మెల్లగా, మరలు బిగిస్తూనే. అబ్బాయికి అది పూర్తిగా అర్థమైందో లేదో తెలియదు. అతడు కింద కూర్చొని, తాత చేతికి ఒక్కొక్క నట్టే అందించసాగాడు.

పని ముగిసేసరికి ఎండ చెట్టు కొమ్మల్లో నుండి దిగింది. అబ్బాయి కొత్త హెల్మెట్ పెట్టుకున్నాడు. దాని రంగు సైకిలు రంగుకు కలవదు. తల్లి కొన్నది, లేత పసుపు. పట్టీ బిగించుకోవడం ఒక చేత్తో సరిగా రాలేదు. సారు లేచి వెళ్లి గడ్డం కింద వేలు పెట్టి చూసి సరిచేశారు. ఐటీ యువకుడు ముందు చక్రం మీట మూసి ఉందో లేదో వంగి చూశాడు. అబ్బాయి సీటెక్కి, ఒక కాలు నేలకు ఆనించి, చాలాసేపు రోడ్డు దిక్కు చూశాడు. రెండు బస్సులు పోయాయి. ఒక లారీ పోయింది. రోడ్డు ఖాళీ అయ్యాక పెడలు నొక్కాడు.

తాత చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. మలుపు దగ్గర పాలసైకిలొకటి అడ్డం వస్తున్నది. అక్కడి నుండి గంట మోగింది, ఒకసారి, ఆగి మరొకసారి.